వాసన రాని చేప

నా సొంత వంటింట్లో నేను చేప వండటానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. వండటం రాక కాదు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున పల్లెకారుల ఇంట్లో పుట్టాను. సర్టిఫికెట్‌లో అగ్నికుల క్షత్రియ అనీ, బీసీ-ఏ అనీ రాస్తారు. అమ్మ తెల్లారుజామున గిలకలదిండి రేవులో పాటకి నిలబడి, గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగి అమ్మి, నన్ను ఎమ్మే దాకా చదివించింది. 1991లో పెళ్ళి చేసుకున్నాను. 2019లో మొదటిసారి మా ఇంట్లో చేప వండాను. అదైనా పులుసు కాదు, వేపుడూ కాదు. ముల్లూ తోలూ లేని తెల్లటి చేపముక్కని ఓవెన్‌లో పెట్టి బేక్ చేశాను.

ముందు వంట సంగతి చెబుతాను. అది నిజంగానే తేలిక. తెల్లచేప అంటే కండలో కొవ్వు బాగా తక్కువున్న చేప. ఇంగ్లండులో అయితే కాడ్, హాడక్. ఆ చేపలు కొవ్వుని కండలో కాక కార్జంలో దాచుకుంటాయి. చిన్నప్పుడు మనలో చాలామందికి బలవంతంగా తాగించిన కాడ్‌లివర్ ఆయిల్ అదే. మనకి పండుగప్ప బాగా పనికొస్తుంది. రాంనగర్ మార్కెట్లో కిలోన్నర పండుగప్ప కొని ఫిల్లెట్ తీసిమ్మంటే నడిమి ముల్లుకి రెండు పక్కలా రెండు పలకలు కోసి ఇస్తారు. చేతికొచ్చేది ఆరేడు వందల గ్రాములు. సూపర్ మార్కెట్లో అయితే గడ్డకట్టిన బసా ఉంటుంది. వియత్నాం నుంచి బసా పేరుతో వచ్చేదీ, మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచి ఫంగస్ అని పిలిచేదీ దాదాపు ఒకటే చేప. ఊళ్ళో ఫంగస్ అని ఈసడించుకునేదే పేరు మార్చుకుని ఏసీ షాపులో కూచుంది. పేరు మారితే మర్యాద మారడం మనుషుల విషయంలోనూ చూశాం కదా.

గడ్డకట్టిన ముక్కయితే ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. మర్నాడు తడి లేకుండా గుడ్డతో అద్దాలి. తడి ఉంటే ముక్క కాలదు, ఉడుకుతుంది. ఓవెన్‌ని 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ట్రేలో బటర్ పేపర్ పరిచి, ముక్క మీద చెంచాడు నూనె, ఉప్పు, మిరియాల పొడి, చితక్కొట్టిన వెల్లుల్లి. అంగుళం మందం ముక్కకి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. చేప నీళ్ళలో తేలుతూ బతుకుతుంది కాబట్టి మేకకీ కోడికీ లాగా ఒంటి బరువు మోసే గట్టి పీచు దానికి అక్కర్లేదు. ఉన్న కాస్త పీచూ కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. మందంగా ఉన్నచోట ఫోర్క్ గుచ్చి తిప్పితే గాజులా ఉన్న కండ తెల్లబడి పొరలు పొరలుగా విడిపోవాలి. అప్పుడు తీసి నిమ్మకాయ పిండాలి. ఇంకో మూడు నిమిషాలు వదిలేస్తే ఎండిపోతుంది. కలపాల్సింది లేదు, పొయ్యి దగ్గర నిలబడాల్సింది లేదు. ఆ పదిహేను నిమిషాల్లో నేను రెండు జవాబు పత్రాలు దిద్దుకునేదాన్ని. అన్నిటికన్నా ముఖ్యం, వాసన వంటింటి గుమ్మం దాటదు.

ఆ చివరి మాట దగ్గరే ఇరవై ఎనిమిదేళ్ళ కథ ఉంది.

నా సహచరుడు మాంసాహారం ముట్టని కులంలో పుట్టాడు. విద్యార్థి ఉద్యమంలో కలిశాం. కట్నం లేదు, పురోహితుడు లేడు, దండలు మార్చుకున్నాం. "నీ తిండి నీ ఇష్టం. నేనెప్పుడైనా వద్దన్నానా?" అని ఇప్పటికీ అడుగుతాడు. నిజమే, ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఆయన తరఫున అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతిసారీ "మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళు. ఆయన పేరు చెప్పగానే ఇల్లు దొరికేది. 1994లో విద్యానగర్‌లో ఉండగా అమ్మ ఎండు మెత్తళ్ళు పంపింది. ఒక ఆదివారం వేయించాను. పదినిమిషాల్లో ఇంటి యజమానురాలు పైనుంచి దిగొచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "డ్రైనేజీ ఏమన్నా పొంగిందేమో చూసుకోండమ్మా" అంది. ఆమెకి అది డ్రైనేజీ కాదని తెలుసు. ఆమెకి తెలుసని నాకూ తెలుసు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాం.

1996 నుంచి 2014 దాకా అత్తగారు మాతోనే ఉన్నారు. మంచావిడ. మడీ తడీ పెద్దగా లేదు. నా పురుడు పోసింది, నా పీహెచ్‌డీ కాలంలో పిల్లవాణ్ణి పెంచింది. "నాకోసం నువ్వు నోరు కట్టుకోకమ్మా, బయట తినిరా" అనేది. ఎంత ప్రేమగా అనేదంటే అందులో 'బయట' అనే మాట ఉన్నట్టు చాలాకాలం ఎవరికీ వినపడలేదు. మా అబ్బాయి పెద్దవాడయ్యాక చికెన్ బిర్యానీ పార్సిల్ తెచ్చుకుని హాల్లో కూచుని తినేవాడు. ఆవిడ పక్కగదిలో టీవీ చూసుకునేది. బయటినుంచి డబ్బాలో వచ్చినదాన్ని ఇల్లు భరిస్తుంది. పొయ్యిమీద ఉడికి గోడలకి పట్టేదాన్ని భరించదు. వండటమంటే ఆ ఇంటి మీద హక్కు చెప్పుకోవడం కాబట్టి కాబోలు.

మన భాషలో చేప వాసనకి ఉన్న మాట నీచు. నీచువాసన, నీచుచేతులు, నీచుగిన్నెలు. అదే చెవితో నీచం, నీచుడు అనే మాటలూ వింటాం. బందరు హైస్కూల్లో నా పక్కన కూచున్న అమ్మాయికి ఈ రెండిటికీ తేడా తెలిసే అవకాశం లేదు. నాకూ లేదు. అమ్మ సున్నిపిండీ సబ్బూ పెట్టి ఎంత రుద్దుకున్నా ఆమె చేతుల్ని వదలని ఆ వాసన ఏమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితురాలు వివరించింది. సముద్రపు చేప ఒంట్లో ఉప్పునీటిని తట్టుకోవడానికి ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. మనం నీచు అనేది దాన్నే. పులుపు తగిలితే అది గాల్లోకి లేచే గుణం పోగొట్టుకుంటుంది. అమ్మ పోసే చింతపండు రసమూ, ఇంగ్లీషువాళ్ళు పెట్టే నిమ్మచెక్కా చేసే పని ఒకటే. అంటే నీచు అనేది చేప చచ్చి ఎంతసేపయిందో చెప్పే లెక్క. పడవ దిగిన గంటలో మా వాకిట్లో వండిన చేపకి ఆ వాసన దాదాపు ఉండేదే కాదు. మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్న వీధుల్లోకి అది చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. వాళ్ళు భరించలేకపోయింది వాళ్ళ భోజనం ఆలస్యాన్ని. దాని పేరు మాకు పెట్టారు.

2019 వేసవిలో ఇంగ్లండులోని హల్ అనే ఊరు వెళ్ళాను. మా అక్క కూతురు అక్కడ నర్సు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, కోటు విప్పకుండానే ఓవెన్ వెలిగించి, హాడక్ ముక్కలు అందులో పెట్టి స్నానానికి పోయేది. తిరిగొచ్చేసరికి భోజనం. కత్తిపీట లేదు, బూడిద లేదు, పొలుసు తీయడం లేదు, మొప్పలు పీకడం లేదు. మా అక్క జీవితంలో సగం సాయంత్రాలు తిన్న పని ఆ పిల్లకి లేదు. అది చూసి నాకు సంతోషమేసింది. తిరిగి రాగానే ఓటీజీ కొన్నాను. మొదటిసారి వండిన రోజు సహచరుడు కూడా కొంచెం నోట్లో పెట్టుకున్నాడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో. "బాగుంది, పనీర్‌లా ఉంది" అన్నాడు. మెచ్చుకోలే. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. చేప చేపలా లేనప్పుడే మా ఇంట్లోకి రాగలిగింది. తల లేదు, కన్ను లేదు, పొలుసు లేదు, వాసన లేదు. 1991లో నేను ఆ ఇంటికి వచ్చింది ఎలా? యాస కాలేజీలో పోయింది. ఇంటిపేరు పెళ్ళితో పోయింది. అమ్మ గంప బందరులోనే ఉండిపోయింది. ముల్లు తీసిన ముక్కకి ఎంత మర్యాదో నాకు చేపకన్నా ముందే తెలుసు.

2022లో అమ్మ మా ఇంటికొచ్చింది. అప్పటికి ఎనభై దాటాయి. ఫ్రీజర్‌లో ఉన్న బసా ముక్కలు బేక్ చేసి పెట్టాను. కంచం వంక చూసి "ఏందే ఇది, జరమొచ్చినోళ్ళకి పెట్టేదా?" అంది. తర్వాత "చేప ఏదే?" అంది. ముక్కని వేళ్ళతో విడదీసి చూసింది. రుచి గురించి ఏమీ అనలేదు. "ఎవురు కోశారే దీన్ని? ఒక్క ముల్లు లేదు, కండ ఎక్కడా చిరగలేదు. చెయ్యి తిరిగినోళ్ళే" అంది. అరవై ఏళ్ళు చేప కోసిన మనిషి ఇంకో కోతని గుర్తుపట్టి ఇచ్చిన మెచ్చుకోలు అది. లేచి వెళ్ళి ప్యాకెట్టు తెచ్చి చదివాను. బరువుంది, గడువు తేదీ ఉంది, కేలరీలున్నాయి, దిగుమతి చేసినవాళ్ళ చిరునామా ఉంది. కోసిన చేతుల గురించి ఒక్క ముక్క లేదు.

వియత్నాం ఫ్యాక్టరీల్లో ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. హల్‌లోనూ ఒకప్పుడు చేప షెడ్డుల నిండా ఆడవాళ్ళే. మా అక్క కూతురి పక్కింట్లో డెబ్భై దాటిన ఒకావిడ ఉండేది. పదహారో ఏట చేపల షెడ్డులో చేరిందట. బస్సెక్కితే తన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేదని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. కులం లేని దేశంలో కూడా ఆ సీటు ఖాళీగా ఉందంటే ఏమనుకోవాలి? కానీ ఒక తేడా ఉంది. ఆవిడ కూతురు బ్యాంకులో చేరాక ఆ కూతురి పక్క సీటు ఖాళీగా లేదు. నేను లెక్చరరయ్యాక కూడా స్టాఫ్‌రూములో నా టిఫిన్ డబ్బా మూత తీస్తే తలలు తిరిగేవి, అందులో ఉన్నది వంకాయ కూరయినా సరే.

లిలియన్ బిలోకా గురించి నాకు మొదట చెప్పింది ఆవిడే. లిలియన్ హల్‌లో కాడ్ చేపల తోలు తీసే పనిచేసేది. భర్తా కొడుకూ సముద్రం మీద. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మూడు వారాల వ్యవధిలో హల్ నుంచి వెళ్ళిన మూడు ట్రాలర్లు మునిగి 58 మంది చనిపోయారు. మొదట మునిగిన సెయింట్ రొమేనస్‌లో రేడియో ఆపరేటరే లేడు. లిలియన్, ఇవోన్ బ్లెంకిన్సాప్, మేరీ డెనెస్, క్రిస్టీన్ జెన్సెన్ కలిసి ఆడవాళ్ళని కూడగట్టారు. పదివేల సంతకాలు సేకరించారు. ప్రతి ఓడలో రేడియో ఆపరేటర్ ఉండాలని రేవులో నిలబడ్డారు. అతను లేకుండా బయల్దేరే ఓడలోకి దూకబోయిన లిలియన్‌ని పోలీసులు పట్టుకోవలసి వచ్చింది. లండన్ వెళ్ళి మంత్రుల్ని కలిశారు, కోరినవి చాలావరకు సాధించారు. తర్వాత లిలియన్‌కి బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. "మగవాళ్ళ పనిలో నీకేం పని" అన్నవాళ్ళలో ఊరివాళ్ళూ ఉన్నారు. ఉద్యోగం పోయింది, చేపల పనిలో మళ్ళీ ఎవరూ పెట్టుకోలేదు. 1988లో చనిపోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో గోడమీద ఆమె బొమ్మ ఉంది.

ఇదంతా అమ్మకి చెప్పాను. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా నాన్న మళ్ళీ పడవెక్కలేదు. ఆ తర్వాత ఇల్లు నడిచింది అమ్మ గంప మీదే. అంతా విని, "ఉజ్జోగం తీసేశారా? తీసేస్తారు" అంది. అంతే. ఆశ్చర్యపోలేదు. మా పిన్ని కూతురు భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో పదేళ్ళు చేసింది. ఐసునీళ్ళలో చేతులు పెట్టి తల తుంచడం, పొట్టు వలవడం, కిలోకి ఇంత అని కూలి. వేలి సందులు ఒరిసి పుళ్ళయితే పసుపు పెట్టుకుని మళ్ళీ మర్నాడు. ఒకసారి గ్లౌజులు అడిగింది. చేతి తొడుగుతో వలిస్తే కిలోలు తగ్గుతాయని వీళ్ళే తీసి పారేస్తారని మేస్త్రీ చెప్పాడట. నిజమే, తీసి పారేసేవాళ్ళే. కిలోకి కూలి కట్టేవాడికి ఆ సంగతి ముందే తెలుసు.

నాకూ నా అక్క కూతురికీ దొరికిన ఆ సాయంత్రం ఇలా వచ్చింది. పొలుసు తీసే పని మాయమైపోలేదు. మా వంటిళ్ళలోంచి లేచి ఎక్కడికో వెళ్ళి, ఇంకొందరు ఆడవాళ్ళ చేతుల్లో చేరింది. అందుకని ఓవెన్ మానేసి కత్తిపీట ముందు కూచోవాలని నేననను. మోకాళ్ళు ఒప్పుకోవు, మనసూ ఒప్పుకోదు. కాకపోతే మన విముక్తి లెక్క వేసుకునేటప్పుడు ఐసునీళ్ళని కూడా కలిపి వేయాలి.

మా తరం విమల 'వంటిల్లు' కవిత చదివి కదిలిపోయింది. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు హాస్టల్ పిల్లలకి పోగేసి చదివి వినిపించాను. ఇప్పటికీ ఆ కవిత్వమంటే నాకు గౌరవం. కానీ చదువుతున్నప్పుడల్లా అమ్మ వంటిల్లు గుర్తొచ్చేది. చూరు కింద మూడు రాళ్ళు. అందులో ఆమె గడిపేది పూటకి అరగంట. ఆమెని నలిపింది వంటిల్లు కాదు. రేవు, ఎండలో వీధి, బేరం, అరువు, సందు చివర వినపడే ఈసడింపు. అరగంట నీడపట్టున కూచుని పులుసు కాచుకోవడమే ఆమెకి విశ్రాంతి. గోగు శ్యామల 'నల్లపొద్దు' చేతికొచ్చినప్పుడు, వంటింటికి బయట పనిచేసే ఆడవాళ్ళ గొంతులు ఒక్కచోట విన్నప్పుడు, నాకు నా ఇంటి భాష వినపడింది. రేవు పాటలో నిలబడే ఆడవాళ్ళ గురించి, షెడ్డుల్లో వలిచేవాళ్ళ గురించి మనం రాయవలసింది ఇంకా చాలా ఉంది.

కంచంలోని సంగతి ఒకటి మిగిలింది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. పుస్తెలు ఎవరి మెడలోవి, పులస ఎవరి కంచంలోది అని సామెత చెప్పదు. మా ఇంట్లో నడిమి ముక్కలు నాన్నకీ అన్నయ్యలకీ, తోకముక్క నాకూ అక్కకీ, తలకాయ అమ్మకి. "తలకాయంటే నాకిష్టం" అనేది. అమ్మలు ఇలాగే అంటారని మనకి తెలుసు, ఎన్నో కథల్లో చదివాం. ఫిల్లెట్‌లో ఈ గొడవ లేదు. తలా తోకా ఉండవు, నూట యాభై గ్రాములకి నూట యాభై గ్రాములు, అందరికీ ఒకటే ముక్క. అందుకే నాకది నచ్చింది కూడా. అమ్మ ఉన్న ఆ వారంలోనే రాంనగర్ నుంచి పండుగప్ప ఫిల్లెట్ తెచ్చాను. సంచీ తెరిచి చూసి, "తలకాయేదే?" అంది. షాపులోనే వదిలేశానంటే ఆమె ముఖంలో కనపడింది త్యాగం కాదు, నిజమైన బాధ. బుగ్గ దగ్గరి కండ, కంటి వెనక కొవ్వు, పులుసు పీల్చుకున్న ఎముక సందులు, ఒక్కొక్కటీ ఎంత రుచో చెప్పింది. ఆ ఇష్టమూ నిజమే, చివరికి మిగిలేది అదే కావడమూ నిజమే. రెండూ ఒకే కంచంలో ఉన్నాయి. అమ్మ తలకాయ తిన్నదంటే ఆమెకి వేరే దారి లేకనే అని మనం రాసేస్తే, ఆమె నాలుకకి అన్యాయం చేసినట్టే. ఇష్టమని చెప్పింది కదా అని ఊరుకుంటే ఆమె ఆకలికి అన్యాయం చేసినట్టు.

మర్నాడు వెళ్ళి ఇంకో చేప కొని తలకాయా నడిమిముల్లూ కూడా తెచ్చాను. అప్పటినుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఫిల్లెట్ వారం మధ్యలో ఓవెన్‌లోకి. దాన్నిప్పుడు సహచరుడే చేస్తాడు, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, నాకన్నా బాగా. తలకాయ ఆదివారం పులుసులోకి. అది నేనే చేస్తాను, తలుపులన్నీ తెరిచిపెట్టి. ఆయన ఆ పూట హాల్లోనే కూచుని పేపరు చదువుకుంటాడు. అలవాటు పడుతున్నాడు. అమ్మ 2023లో పోయింది.

మొన్న ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, "నాలుగో అంతస్తులో భరించలేని దుర్వాసన వస్తున్నది. ఏ ఫ్లాటు నుంచో తెలియజేయగలరు" అని సందేశం వచ్చింది. సహచరుడు చూసి "ఊరుకో, ఎందుకు గొడవ" అన్నాడు. నేను టైపు చేశాను: "402. పండుగప్ప తలకాయ పులుసు. వచ్చే ఆదివారం కూడా వస్తుంది." అందరూ చదివినట్టు నీలిగీతలు పడ్డాయి. ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందంటారు. బాగుంది.